మాటల్లేకుండా పలికిన బానిసల పాట

(పాట బృందాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక మీకు ఒక ఆల్బంలోంచి నాలుగు పాటలు వినిపించాం. ముందుగా ఏమీ చెప్పలేదు. ముందే చెబితే మీరు మేం చెప్పింది వింటారు గాని పాట వినరు. విన్నాక కొందరు అడిగారు: "ఇందులో మాటేదీ?" ఒక పెద్దాయన ఇంకా సూటిగా అడిగాడు: "డప్పు లేకుండా పాటేందయ్యా?" రెండూ సరైన ప్రశ్నలే. ఈ పూట ప్రసంగం అంతా ఆ రెండు ప్రశ్నలకు జవాబే అనుకోండి.

ఆల్బం పేరు 'స్టీల్ అవే'. 1994 జూన్ నెలాఖర్లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో రికార్డు చేశారు. 1995లో వెర్వ్ కంపెనీ విడుదల చేసింది. వాయించింది ఇద్దరే ఇద్దరు. పియానో మీద హ్యాంక్ జోన్స్, డబుల్ బేస్ మీద చార్లీ హేడెన్. పాడే మనిషి లేడు. డ్రమ్ము లేదు. బూర లేదు. ఇద్దరూ అమెరికా జాజ్ సంగీతంలో పేరున్నవాళ్ళు. ఒకాయన నల్లవాడు, ఒకాయన తెల్లవాడు. వాయించిన పాటల్లో ఎక్కువ భాగం అమెరికాలో నల్లవాళ్ళు బానిసలుగా ఉన్నప్పుడు కట్టుకున్న పాటలు. వాటిని 'స్పిరిచ్యువల్స్' అంటారు. వాటితోపాటు కొన్ని చర్చి కీర్తనలు, ఒక ఐర్లండ్ వాళ్ళ పాట, ఒక పాత ఫ్రెంచి పాట కూడా ఉన్నాయి.

ముందు వాద్యాల సంగతి చూద్దాం. పియానో మెట్లు చూసి మన హార్మోనియానికి అన్న అనుకునేరు. హార్మోనియంలో గాలి పలుకుతుంది. పియానోలో తీగ పలుకుతుంది. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. మొత్తం 88 మెట్లు. మెల్లగా నొక్కితే గుసగుస, గట్టిగా నొక్కితే కేక. డబుల్ బేస్ మనిషి కన్నా ఎత్తుంటుంది. ఫిడేలును పెంచి నేలమీద నిలబెట్టినట్టుంటుంది. నాలుగు తీగలు. జాజ్‌లో దాన్ని ఎక్కువగా కమానుతో గాక వేళ్ళతో మీటుతారు. అది పలికితే చెవి కంటే ముందు రొమ్ముకు తగులుతుంది. హేడెన్ తన బేస్‌కు కొన్ని తీగలు పశువుల పేగుతో చేసినవి వాడేవాడు. లోహపు తీగ కన్నా పేగు తీగ చప్పుడు వెచ్చగా, కాస్త గరుగ్గా ఉంటుంది. తోలూ పేగూ ఎట్లా పలుకుతాయో ఈ సభలో కూర్చున్నవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

జాజ్ మేళంలో బేస్ ఎప్పుడూ వెనకే. అందరికీ నేల పరిచేది అదే, ఎవరికీ కనపడనిదీ అదే. బేస్ ఆగిపోతే మేళం మొత్తం తూలుతుంది, కానీ చప్పట్లు మాత్రం బూర ఊదినవాడికి. పని ఒకరిది, పేరు ఒకరిది. ఈ పద్ధతి మనకు కొత్త కాదు గదా. దాన్ని మార్చటానికి మొదట గట్టిగా చెయ్యి వేసినవాళ్ళలో డ్యూక్ ఎల్లింగ్టన్ ఒకడు. గొప్ప నల్లజాతి సంగీత కర్త. 1939, 1940 సంవత్సరాల్లో ఆయన తన పియానో పక్కన జిమ్మీ బ్లాంటన్ అనే కుర్రవాణ్ణి కూర్చోబెట్టుకుని, మిగతా మేళాన్ని పక్కన పెట్టి, ఉత్త పియానో, బేస్ జంటగా కొన్ని రికార్డులు చేశాడు. అప్పటికి బ్లాంటన్‌కు నిండా ఇరవై రెండేళ్ళు కూడా లేవు. బేస్ కూడా పాట చెప్పగలదని లోకానికి చూపించాడు. 1942లో క్షయతో చనిపోయాడు, 23 ఏళ్ళకే. ఆ కుర్రవాడు వేసిన దారిలోనే హేడెన్ బేస్ వచ్చి జోన్స్ పియానో పక్కన నిలబడింది. మీరు విన్న జంటవాద్యం వెనక అంత కథ ఉంది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న. డప్పు ఏది?

డప్పు గుంజుకున్నారు. 1739లో అమెరికాలోని సౌత్ కరొలైనాలో స్టోనో అనే నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డ్రమ్ములు మోగించుకుంటూ నడిచారు. దారిలో ఇంకా కొందరు వచ్చి కలిశారు. ఆ తిరుగుబాటును నెత్తుట్లో ముంచారు. మరుసటేడు, 1740లో, అక్కడి దొరలు ఒక చట్టం చేశారు. బానిసలు డ్రమ్ములు గానీ, బూరలు గానీ, ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోవటానికి పనికొచ్చే పెద్ద చప్పుడు వాద్యాలేవీ గానీ వాడకూడదన్నారు. అదే చట్టం బానిసలకు రాత నేర్పించటం కూడా నేరమంది. చూడండి, చదువునూ డ్రమ్మునూ ఒకే కాగితం మీద నిషేధించారు. దొరకు ఆ రెండింటి బలం బాగా తెలుసు.

డ్రమ్ము పోతే ఏం మిగిలింది? అరచేతులు మిగిలాయి. మడమలు మిగిలాయి. గొంతు మిగిలింది. వాటితోనే తాళం కట్టుకున్నారు. చుట్టూ వలయంగా తిరుగుతూ, నేలను కాలితో కొడుతూ, ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటూ పాడారు. బైబిల్లోంచి పేర్లు తీసుకున్నారు. మోషే, ఫరో, యొర్దాను నది, కనాను దేశం. దొర విన్నాడు. పాపం భక్తి అనుకున్నాడు. ఆ పాటల్లో 'కనాను' అంటే మాకు ఉత్తరాది రాష్ట్రాలే, బానిసత్వం లేని నేలే అని ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో అచ్చయిన తన జీవిత కథలో రాశాడు. ఆయన ఎక్కడో కూర్చుని రాసిన పండితుడు కాదు. తానే బానిసగా పుట్టి, 1838లో తప్పించుకున్నవాడు. అంతకుముందు 1845లో రాసిన పుస్తకంలో ఇంకో మాట చెప్పాడు. బానిసలు పాడుతున్నారు కాబట్టి సుఖంగా ఉన్నారని అనుకునేవాళ్ళంత పొరబడ్డవాళ్ళు లేరన్నాడు. దుఃఖం ఎక్కువైనప్పుడే ఎక్కువ పాడేవాళ్ళం అన్నాడు.

'స్టీల్ అవే' అంటే చడీచప్పుడు లేకుండా జారుకోవటం. దాంట్లో 'స్టీల్' అన్న మాటకు దొంగిలించటం అనే అర్థం కూడా ఉంది. ఆ రోజుల్లో చట్టం ప్రకారం బానిస దొర ఆస్తి. కాబట్టి పారిపోయిన బానిస ఏం చేసినట్టు? దొర ఆస్తిని దొంగిలించినట్టు! తన కాళ్ళను, తన చేతులను, తన ఒంటిని తానే దొంగిలించుకున్నట్టు! యేసు దగ్గరికి జారుకుందాం అని పాడుతుంటే దొర తలూపుతాడు. పాడేవాళ్ళకు మాత్రం ఆ మాటలో రెండో తలుపు తెరిచే ఉంటుంది. 1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో సుమారు 40 లక్షల మంది బానిసలున్నారు. ఆ దేశంలోనే పాత రాష్ట్రాల నుంచి దక్షిణాది పత్తి చేలకు సుమారు పది లక్షల మందిని తరలించారు. చాలామందిని సంతల్లో అమ్మారు. మొగుడు ఒక చోటికి, పెళ్ళాం ఒక చోటికి, బిడ్డ ఇంకో చోటికి. ఈ ఆల్బంలో 'మదర్‌లెస్ చైల్డ్' అనే పాట ఉంది. తల్లి లేని బిడ్డ పాట. అది కవి ఊహించి కట్టిన పోలిక కాదు. సంతలో జరిగిన సంగతి.

ఈ 'స్టీల్ అవే' పాట ఎవరు కట్టారు? బానిసల పాటల్లో చాలావాటికి కట్టినవాళ్ళ పేర్లు లేవు. దీనికి మాత్రం ఒక పేరు మిగిలింది. వాలెస్ విల్లిస్. అమెరికా ఆదివాసులైన చోక్టా జాతివాళ్ళ ప్రాంతంలో బానిస. ఆయన, ఆయన భార్య మినర్వా. వాళ్ళ యజమాని ఆ ఇద్దరినీ అక్కడి ఒక బడికి కూలికి పంపేవాడు. పని వీళ్ళది, కూలి ఆయనది. ఆ బడి నడిపే అలెగ్జాండర్ రీడ్ అనే పాదిరి ఈ దంపతులు పాడుకునే పాటలు విని గుర్తు పెట్టుకున్నాడు. 'స్టీల్ అవే', 'స్వింగ్ లో స్వీట్ చారియట్' ఈ రెండూ ఆ నోటి నుంచి వచ్చినవే అంటారు. ఈ రెండూ ఆల్బంలో ఉన్నాయి. వరస వాళ్ళది, వాళ్ళకు దక్కింది ఏమీ లేదు. ఆ పాదిరి వాళ్ళ పేరు చెప్పకపోయి ఉంటే, ఈ పూట మేం ఆ పేరు కూడా పలకలేకపోయేవాళ్ళం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్ళీ మాట్లాడదాం.

ఆ పాట విల్లిస్ దగ్గర్నించి లోకంలోకి ఎట్లా వచ్చింది? 1865లో బానిసత్వం రద్దయింది. మరుసటేడు నాష్‌విల్ పట్టణంలో నల్లవాళ్ళ కోసం ఫిస్క్ అనే బడి పెట్టారు. అయిదేళ్ళు తిరిగేసరికి బడి అప్పుల్లో కూరుకుపోయింది. మూతపడేట్టుంది. అప్పుడు 1871 అక్టోబరులో తొమ్మిది మంది పిల్లలు పాటలు పాడి డబ్బు తెద్దామని బయల్దేరారు. వాళ్ళలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. వాళ్ళకు పియానో వాయించింది ఎల్లా షెపర్డ్. తండ్రి డబ్బిచ్చి విడిపించుకున్న బిడ్డ. ఆ జట్టు పేరు 'ఫిస్క్ జూబిలీ సింగర్స్'. హోటళ్ళలో గది ఇచ్చేవాళ్ళు కాదు. మొదట్లో వీళ్ళు తెల్లవాళ్ళు మెచ్చే పాటలే పాడేవాళ్ళు. అమ్మానాన్నల పాటలు సభలో పాడటానికి మనసొప్పలేదు. అవి బానిసతనాన్ని గుర్తుచేస్తాయని ఒక బాధ. అవి తమ పెద్దల ప్రార్థనలు, అందరి ముందు పరిచేవి కావని ఇంకో బాధ. చివరికి ఆ పాటలే పాడారు. ఆ పాటలే గెలిపించాయి. దేశదేశాలు తిరిగి పాడి తెచ్చిన డబ్బుతో అప్పు తీర్చారు. 1876 నాటికి జూబిలీ హాల్ అనే పెద్ద భవనం లేచింది. తర్వాత ఫ్రెడరిక్ లూడిన్ నడిపిన జట్టు 1884లో బయల్దేరి ఆరేళ్ళు లోకమంతా తిరిగింది. మన దేశానికీ వచ్చి పాడింది.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఆ ఫిస్క్‌లో చదువుకుని 1888లో పట్టా పుచ్చుకున్నవాడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. నల్లజాతి మేధావుల్లో పెద్దవాడు. 1903లో ఆయన రాసిన 'ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' పుస్తకంలో చివరి అధ్యాయం ఈ పాటల మీదే. వాటికి ఆయన పెట్టిన పేరు 'దుఃఖగీతాలు'. ప్రతి అధ్యాయం మొదట్లో కొన్ని సంగీతపు గీతలు అచ్చు వేయించాడు. బానిసల పాటల వరసలు అవి. మాటలు వెయ్యలేదు. వరస మాత్రమే. మాటల్లేకుండా వరస ఒక్కటే పెట్టినా పాట సాక్ష్యం చెబుతుందని ఆయన నమ్మకం కావచ్చు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. నల్లవాళ్ళ సమస్య మీద ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతి కావాలని అడిగాడు. డుబోయిస్ ఆదరంగా జవాబు రాశాడు. ఎక్కడి విల్లిస్, ఎక్కడి పత్తి చేను, ఎక్కడి బొంబాయి! పాట ఒక బడిని నిలబెడితే, ఆ బడి ఒక మనిషిని నిలబెడితే, ఆ మనిషికి మన నాయకుడు ఉత్తరం రాశాడు. పాటతో ఏమవుతుందిలే అనేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి.

ఇప్పుడు ఆ ఇద్దరు మనుషుల దగ్గరికొద్దాం.

హ్యాంక్ జోన్స్ 1918లో మిసిసిపి రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో పుట్టాడు. దక్షిణాది పత్తి నేల. చిన్నప్పుడే కుటుంబం ఉత్తరాదికి, మిషిగన్‌లోని పాంటియాక్ పట్టణానికి వలస పోయింది. 1910 నుంచి 1970 దాకా అట్లా ఉత్తరానికీ పడమరకూ వలసపోయిన నల్లవాళ్ళు సుమారు అరవై లక్షలు. అందులో ఈ ఇల్లు ఒకటి. తండ్రి బాప్టిస్టు సంఘంలో డీకన్. ఆయన పిల్లల్లో ముగ్గురు, హ్యాంక్, థాడ్, ఎల్విన్, జాజ్‌లో పెద్దవాళ్ళయ్యారు. హ్యాంక్ అయితే జీవితమంతా ఇతరుల పక్కన వాయించినవాడు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అనే గొప్ప గాయని పక్కన అయిదేళ్ళు వాయించాడు. సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేశాడు. 1962లో అధ్యక్షుడు కెన్నెడీకి మార్లిన్ మన్రో పుట్టినరోజు పాట పాడింది గదా. లోకమంతా ఆమెను చూసింది. పియానో దగ్గర కూర్చున్నది హ్యాంక్ జోన్స్. ఈ ఆల్బం చేసేటప్పటికి ఆయనకు 75 ఏళ్ళు.

చార్లీ హేడెన్ 1937లో అయోవా రాష్ట్రంలో పుట్టాడు. తెల్లవాళ్ళ కుటుంబం. ఇంటిల్లిపాదీ రేడియోలో జానపద పాటలు పాడి బతికేవాళ్ళు. రెండేళ్ళు కూడా నిండకముందే ఈయన రేడియోలో పాడాడు. చిన్నతనంలో తల్లి తనను నల్లవాళ్ళ చర్చికి పాటలు వినటానికి తీసుకెళ్ళేదని ఆయనే చెప్పుకున్నాడు. పదిహేనేళ్ళ ప్రాయంలో పోలియో వచ్చి గొంతు దెబ్బతింది. పాడే పిల్లవాడి పాట పోయింది. అప్పుడు బేస్ పట్టుకున్నాడు. 1959లో ఆర్నెట్ కోల్‌మన్ అనే నల్లజాతి కళాకారుడి బృందంలో చేరి జాజ్ పద్ధతినే మార్చిన సంగీతంలో భాగమయ్యాడు.

మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. రాకపోతే మేమే తెప్పిస్తాం. తెల్లవాడు నల్లవాళ్ళ దుఃఖగీతం వాయించటమేమిటి? అమ్మినవాళ్ళ జాతివాడు అమ్ముడుపోయినవాళ్ళ పాట మీద చెయ్యి వెయ్యటమేమిటి?

ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒకటి ఆయన బతుకులోంచి. 1971 నవంబరులో ఆయన కోల్‌మన్ బృందంతో పోర్చుగల్ దేశం వెళ్ళాడు. అప్పుడక్కడ నియంతృత్వం. ఆఫ్రికాలోని అంగోలా, మొజాంబిక్, గినీ పోర్చుగల్ కింద నలుగుతున్నాయి. సభలో తన పాట వాయించే ముందు హేడెన్ మైకు ముందుకొచ్చి, ఈ పాట ఆ మూడు దేశాల నల్లవాళ్ళ విముక్తి ఉద్యమాలకు అంకితం అన్నాడు. జనం హోరెత్తారు. మర్నాడు విమానాశ్రయంలో రహస్య పోలీసులు పట్టుకెళ్ళి ప్రశ్నించారు. అమెరికా రాయబార కార్యాలయం వాళ్ళొస్తే గాని వదల్లేదు. అంటే ఈయన ఇంట్లో కూర్చుని సానుభూతి చూపించే రకం కాదు.

రెండో జవాబు ఆల్బంలోనే ఉంది. మాకు అదే ముఖ్యం. మళ్ళీ వినండి. పాట ఎత్తుకునేది చాలా చోట్ల జోన్స్ పియానో. వరసను వరసగానే చెబుతాడు. ముసలమ్మ పాడితే ఎట్లా ఉంటుందో అట్లా. అలంకారాలు పెట్టడు. ఆయన వేళ్ళకు రాని విద్య లేదు. కానీ విద్య చూపించుకోవటానికి ఈ పాటలు చోటు కాదని ఆయనకు తెలుసు. హేడెన్ కింద నేల పరుస్తాడు. ఒక స్వరం మీటుతాడు. అది మోగి మోగి సన్నగిల్లే దాకా ఆగుతాడు. తర్వాత ఇంకొకటి. ఎక్కడా తోసుకురాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయనా చెబుతాడు. అప్పుడు పియానో తగ్గి, ఊఁ కొడుతుంది. కథ చెప్పేవాడికీ ఊఁ కొట్టేవాడికీ మధ్య ఎంత చనువుంటుందో వీళ్ళ మధ్య అంత చనువు. ఊఁ కొట్టేవాడు చిన్నవాడేం కాదు. ఊఁ లేకపోతే కథ నడవదు. ఇక్కడ ఆ పని ఇద్దరూ మార్చి మార్చి చేస్తారు.

ఇది చిన్న సంగతి కాదు. ఇతరుల బాధను పాడబోయే ప్రతివాడికీ ఇది పాఠం. పక్కన నిలబడు, ముందు విను, తక్కువ మాట్లాడు, పాటను పెద్దది చెయ్యి గాని నిన్ను కాదు. అట్లాగని ఆయన వాయించటంతో పాత లెక్క తీరిపోయిందని మేం అనం. విల్లిస్‌కు రావలసింది విల్లిస్‌కు రానేలేదు. రికార్డులు అమ్ముకునే వ్యాపారం ఎప్పుడూ పాట కట్టినవాళ్ళ గుడిసె దాకా రాలేదు. అది వేరే లెక్క. అది తేలాల్సే ఉంది.

ఆ లెక్క ఎంత చిక్కుదో చూడాలంటే ఆల్బంలోని ఆఖరి పాట వినండి. అది నాలుగు చర్చి కీర్తనల మాల. మనలో చర్చికి పోయేవాళ్ళు ఇందాక వరస గుర్తుపట్టి తలలూపారు. అందులో ఒకటి 'అబైడ్ విత్ మీ'. ఢిల్లీలో గణతంత్ర దినోత్సవాల ముగింపున బీటింగ్ రిట్రీట్‌లో ఏళ్ళ తరబడి వాయించి, 2022లో తీసేసిన వరస అదే. ఇంకొకటి 'అమేజింగ్ గ్రేస్'. దాని మాటలు రాసింది జాన్ న్యూటన్ అనే ఇంగ్లీషు పాదిరి, 1772లో. పాదిరి కాకముందు ఆయన ఎవరు? బానిసల ఓడకు కెప్టెన్. 1748లో సముద్రంలో తుఫాను వచ్చి చావు తప్పినప్పుడు మనసు మారిందని చెప్పుకున్నాడు. మనసు మారినవాడు ఆ వ్యాపారం మానాడా? మానలేదు. ఆ తర్వాతే కెప్టెనయ్యాడు. 1754 దాకా నడిపాడు. అప్పుడు కూడా జబ్బు చేసి మానాడు. బానిస వ్యాపారం పాపమని అచ్చులో ఒప్పుకున్నది 1788లో. అంటే మనసు మారిందన్న రోజుకూ నోరు తెరిచిన రోజుకూ మధ్య నలభై ఏళ్ళు!

ఇప్పుడు ఆలోచించండి. అమ్మినవాడి పాటా అమ్ముడుపోయినవాడి పాటా ఒకే ఆల్బంలో ఉన్నాయి. అమ్మినవాడి పేరు పుస్తకాల్లో భద్రంగా ఉంది. అమ్ముడుపోయినవాళ్ళ పేర్లు చాలావరకు లేవు. న్యూటన్ పాట మంచిది కాదని మేం అనం. దాన్ని నల్లవాళ్ళే తమదిగా చేసుకున్నారు, ఎన్నో చావుల దగ్గర, ఎన్నో ఊరేగింపుల్లో పాడుకున్నారు. విక్స్‌బర్గ్‌లో పుట్టిన జోన్స్ దాన్ని కోపం లేకుండా, వంగిపోకుండా వాయించాడు. పాటను ఎవరు కట్టారన్నది ఒక న్యాయం. ఎవరు పాడుకుని నిలబడ్డారన్నది ఇంకో న్యాయం. రెండూ చెప్పుకోవాలి. ఒకటి చెప్పి ఒకటి మింగితే అన్యాయం.

ఇంకొక పాట గురించి చెప్పకపోతే తప్పు. 'వుయ్ షల్ ఓవర్‌కమ్'. మన బడిపిల్లలు హిందీలో పాడే 'హమ్ హోంగే కామ్‌యాబ్' దీని బిడ్డే. పిల్లలకు అది బడి పాట అని తెలుసు. సమ్మె పాట అని ఎవరు చెప్పారు? 1945 అక్టోబరులో సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్‌లో చుట్టల ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె కట్టారు. ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. చలిలో, వానలో నెలల తరబడి గేటు ముందు నిలబడ్డారు. లూసిల్ సిమన్స్ అనే కార్మికురాలు ఒక చర్చి పాటను బాగా సాగదీసి, నెమ్మదిగా పాడేది. మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ సమ్మె మనుషులు హైలాండర్ అనే కార్మికుల శిక్షణ బడికి ఆ పాట తీసుకెళ్ళారు. అక్కణ్ణించి అది 1960లలో నల్లవాళ్ళ హక్కుల ఉద్యమానికి జెండా అయింది. డ్రమ్మును నిషేధించిన సౌత్ కరొలైనాలోనే, రెండు వందల ఏళ్ళ తర్వాత, ఈ పాట గేటు ముందు లేచింది. ఆల్బంలో దాన్ని పెద్ద గొంతుతో వాయించలేదు. ఊరేగింపు అయిపోయాక ఇద్దరు మిత్రులు ఇంటికి నడుస్తూ మళ్ళీ ఒకసారి పాడుకున్నట్టు వాయించారు.

ఇక్కడ మన యువకులు ఒక మాట అంటారు: "ఇంత మెత్తగా వాయిస్తే పోరాటం ఎట్లా నడుస్తుంది? దుఃఖం ఉంది, కోపమేదీ?" మంచి ప్రశ్న. ఊరేగింపుకు ఊరేగింపు పాట కావాలి. దానికి ఈ ఆల్బం పనికిరాదు. పనికొస్తుందని మేం చెప్పం. కానీ మనిషి ఇరవై నాలుగ్గంటలూ ఊరేగింపులో ఉండడు. ఊరేగింపు నుంచి ఇంటికొస్తాడు. కేసు పడితే కోర్టు చుట్టూ తిరుగుతాడు. తోటివాడు చచ్చిపోతే రాత్రంతా కూర్చుంటాడు. ఆ రాత్రికి కూడా పాట కావాలి. ఈ స్పిరిచ్యువల్స్ ఆ రాత్రుల్లో పుట్టాయి. గట్టిగా పాడితే కొరడా పడే చోట గుసగుసగా పాడి బతికించుకున్న పాటలు ఇవి. మెత్తదనం లొంగుబాటు కాదు. దొర చెవికి అందకుండా పోవటానికి వాళ్ళు నేర్చిన విద్య అది. ఈ ఇద్దరూ ఆ గుసగుసను అట్లాగే ఉంచారు.

'మాటేదీ?' అన్న ప్రశ్నకు కూడా ఇదే జవాబు. మాటను దొర తన అర్థంతో వింటాడు. వరసను మాత్రం అట్లా లోబరుచుకోలేడు. మాటలు తీసేస్తే వినేవాడు తన మాటలు తాను పెట్టుకోవాలి. మీలో ఒక అక్క కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, వచ్చినా అందులో వినటానికి మాట లేదు. మరి ఆమె ఏం విన్నది? అది ఆమెకే తెలుసు.

హ్యాంక్ జోన్స్ 2010 మే నెలలో 91 ఏళ్ళకు చనిపోయాడు. చనిపోవటానికి కొన్ని నెలల ముందు హేడెన్‌తో కలిసి మళ్ళీ ఇట్లాంటి పాటలతోనే ఇంకో ఆల్బం చేశాడు. 'కమ్ సండే' దాని పేరు. 2012లో వచ్చింది. హేడెన్ 2014 జులైలో పోయాడు. ఇద్దరూ లేరు. పాట ఉంది.

ఇక చివరి మాట. ఇందాక విల్లిస్ పేరు గుర్తు పెట్టుకోమన్నాం. పాటలు సేకరించటానికి ఊళ్ళకు పోతున్న పాట బృందాలకు మా మనవి ఒక్కటే. మన దగ్గర నాట్లలో, చావుల దగ్గర, పెళ్ళిళ్ళలో పాడే అవ్వలున్నారు, తాతలున్నారు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. పాట రికార్డు చేస్తారు, నలుగురికీ పంపుతారు, పదిమంది పాడతారు. చాలా మంచిది. కానీ పాట కింద ఏం రాస్తారు? 'జానపదం' అని రాసి ఊరుకుంటారు. జానపదం అనే మనిషి ఎక్కడా లేడు. పాడిన అవ్వకు పేరుంది, ఊరుంది, ఆ పాట ఆమెకు నేర్పిన మనిషి ఉంది. ఆమెను అడగండి. ఆమె ఒప్పుకుంటే రాయండి. ఆ పాటకు నాలుగు రూపాయలు వస్తే ఆమె వాటా ఆమెకు ముందు ఇవ్వండి. ఆమె పాడుతుంటే మీ వాద్యం తగ్గించండి, ఆమె ఊపిరి తీసుకునే చోట ఆగండి.

దీనికి చందాలు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు. ప్రతి బృందం ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమ పక్క పాట, కుడి పక్క పాడినవాళ్ళ పేరు, వాళ్ళకు నేర్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. ఆ రోజు ప్రసంగం ఉండదు. ముందు కుడి పక్క ఉన్నది పైకి చదువుకుని, తర్వాత ఎడమ పక్క ఉన్నది పాడుకుందాం.